వానొస్తే మూసుకునే పగులు

మా వీధిలో బట్టలు ఆరేసే ముందు ఎవరూ ఆకాశం వంక చూసేవాళ్ళు కాదు. మా వంటింటి కిటికీ వంక చూసేవాళ్ళు.

కిటికీ లోపల మా అమ్మ. అమ్మ వెనక, గోడకు, నీలం రంగు అలమర. ఆ అలమర కుడి తలుపుకు నిలువునా ఒక పగులు. అది వెడల్పయిందంటే గాలి పొడిగా ఉన్నట్టు, ఎన్ని దుప్పట్లయినా ఉతుక్కోవచ్చు. సన్నబడిందంటే వాన ఎక్కడో బయల్దేరినట్టు. పూర్తిగా మూసుకుపోయిందా, ఇక తీగ మీద జేబురుమాలు కూడా ఉంచకూడదు. పొద్దున్నే పొయ్యి వెలిగించకముందు అమ్మ బొటనవేలి గోరు ఆ పగులులో పెట్టి పైనుంచి కిందికి ఒక్కసారి లాగేది, డాక్టరు నాడి చూసినట్టు. ఆ రోజుకి వీధి మొత్తానికి అదే తీర్పు.

ఎదురింట్లో బట్టలు కుట్టే ఆవిడ ఉంది. అందరం కుట్టుపిన్ని అంటాం. బకెట్ చంకనేసుకుని కిటికీ దగ్గరికొచ్చి అడిగేది.

"అక్కా, ఏమంటోంది నీ తలుపు?"

"మధ్యాహ్నం దాకా నోరు తెరుచుకునే ఉంటుంది. తర్వాత సంగతి నాకు తెలీదు."

"తర్వాతది కూడా చెప్పమనవే. జాకెట్లు అర్జెంటు."

"తలుపే తల్లీ అది, రేడియో కాదు."

నిజానికి రేడియో కంటే నయం. ఒకసారి రేడియోలో ఎండ అన్నారు, మా తలుపు వాన అంది. రేడియోను నమ్మినవాళ్ళ బట్టలు ఎంత తడిశాయంటే, వాటిని పిండిన నీళ్ళతో తొట్లన్నీ నిండిపోయి మా వీధి కుళాయి కొన్నాళ్ళు సెలవు తీసుకుంది. ఆ తర్వాత రేడియోలో వాతావరణం చదివే మనిషే మారువేషంలో వచ్చి, మా కిటికీ కింద నిలబడి విని పోయేవాడు. నమ్మకపోతే మీ ఇష్టం. నేను కళ్ళారా చూశాను. చేతిలో గొడుగు కూడా ఉంది.

ఆ అలమర చేసింది మా నాన్న. నాన్న వడ్రంగి, నేనూ వడ్రంగినే. నాన్న రంపం తీస్తే చాలు, దుంగలు వాటంతట అవే పక్కకు తిరిగి పడుకునేవి. అయితే మంచి చెక్కంతా పరాయివాళ్ళ ఇళ్ళకే వెళ్ళిపోయేది. మా వంటింటి దగ్గరికొచ్చేసరికి మిగిలింది గిడ్డంగి వెనక పారేసిన సరుకు పెట్టెలు. వాటినే విప్పి, మేకులు పీకి, చిత్రిక పట్టి, రెండు వెడల్పాటి పలకలు పక్కపక్కన అతికించి తలుపు చేశాడు. అవి ఏ చెట్టువో నాన్నకే తెలియదు. "ఏదో సముద్రం దాటొచ్చిన చెట్టు, వానంటే దానికి బెంగ ఉంటుంది," అనేవాడు. ఎండాకాలం పలకలు ముడుచుకుని దూరం జరిగేవి. చెమ్మ తగిలితే ఉబ్బి మళ్ళీ ఒకదాన్నొకటి ఆనుకునేవి. మధ్యలో ఆ పగులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండేది.

దానికి రంగు వేసింది మా బావ. అక్కను పెళ్ళి చేసుకున్న కొత్తల్లో, అత్తవారింట్లో ఆయన మొదటి పని అది.

బావను ఊళ్ళో అద్దం బావ అంటారు. ఆయన రంగేస్తే అది రంగు కాదు, నిలవ నీళ్ళు. ఆయన రంగేసిన తలుపు మీద వాలిన ఈగ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఒకరింట్లో పిల్లి తన మొహం తలుపులో చూసుకుని, ఇంకో పిల్లి వచ్చిందనుకుని అలిగి ఇల్లు విడిచిపోయింది. అలాంటి మనిషి, కొత్తల్లుడు, ప్రైమర్ మీద సందులు పూడ్చే లప్పం, లప్పం మీద మళ్ళీ ప్రైమర్, గరుకు కాగితం నీళ్ళల్లో ముంచి రుద్ది రుద్ది, మా అలమరను నీలం అద్దం చేశాడు. అందరం అందులో చూసుకుని తల దువ్వుకున్నాం.

మొదటి ఎండాకాలానికే నిలువునా పగిలింది.

అమ్మకు అల్లుడిని చిన్నబుచ్చాలని లేదు. కానీ వాన రాబోయే ముందు పగులు మూసుకోవడం కనిపెట్టింది తనే కదా, ఆ సంబరంలో వచ్చిన వాళ్ళందరికీ వేలుపెట్టి చూపించింది. బావ గుండెలో ఆ వేలు అలాగే ఉండిపోయింది.

"ఊరంతా నా రంగులో మొహం చూసుకుంటుందిరా బామ్మర్దీ," అనేవాడు నాతో. "మా అత్తగారు మాత్రం రోజూ లేచి, నా రంగు పగిలిందా లేదా అని చూసుకుంటుంది."

అందుకని మా ఇంటికొచ్చినప్పుడల్లా ఆయన జేబులో లప్పం ఉండ ఒకటి ఉండేది. మంచినీళ్ళు తాగుతానని వంటింట్లోకి వెళ్ళి, ఎవరూ చూడకుండా పగులులో కూరి, బొటనవేలితో సాపు చేసి వచ్చేవాడు. ఆయన వీధి మలుపు తిరిగేలోపు అమ్మ తల్లోంచి పిన్ను తీసి లప్పమంతా గీకి పారేసేది. ఇద్దరూ ఒకరితో ఒకరు ఆ మాటెత్తలేదు. ఆయన కూరడం, ఈవిడ గీకడం. అలా మాకు పిల్లలు పుట్టారు, పెద్దయ్యారు, నాన్న వెళ్ళిపోయాడు, అమ్మ చూపు మసకబారింది. చూపు తగ్గాక ఆ పగులు అమ్మకు ఇంకా దగ్గరైంది. ఎండ మొహానికి తగిలినా నమ్మేది కాదు, గోటికి తగిలితేనే నమ్మేది.

తర్వాత గోడ లోపల గొట్టం కారింది. ఎప్పటినుంచి కారుతోందో తెలియదు. అలమర అడుగు మెత్తబడి, ఒకరోజు కింది అర పళ్ళేలతో సహా కూలింది. మా ఆవిడ కుంటుకుంటూ వచ్చి అమ్మ ముందు నిలబడింది.

"అత్తయ్యా, మీ తలుపంటే నాకు గౌరవమే. కానీ గిన్నెలన్నీ నా కాలి మీదే పడుతున్నాయి."

"తీసెయ్యండే," అంది అమ్మ. "నేనేమన్నా వద్దన్నానా? కొత్తది చెయ్యమను. నీలమే వెయ్యమను."

కనీసం కుడి తలుపైనా దాచుదామని బందులు జాగ్రత్తగా విప్పాను. చేతుల్లోకి తీసుకోగానే అది బిస్కెట్టులా విరిగి పొడైపోయింది. లోపల చెక్కంతా పురుగు ఎప్పుడో తినేసింది. ఇన్నాళ్ళూ ఆ తలుపును నిలబెట్టింది చెక్క కాదు, బావ రంగు. ఆ మాట ఆయనతో అనాలని నోటి దాకా వచ్చింది కానీ, మరీ పొంగిపోతాడని మింగేశాను.

పొంగడానికి ఆయనకు నా మాట అవసరం లేదనుకోండి. కబురు తెలియగానే పండక్కి వచ్చినట్టు నా కొట్టుకు వచ్చాడు.

"దేంతో చేస్తావురా?"

"టేకుతో. మా అమ్మకి ఇన్నాళ్ళకి టేకు."

"టేకా!" అని రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "టేకు మీద రంగా? దాని ఒంటినిండా నూనేరా. రంగును దగ్గరికి రానివ్వదు. పైగా టేకు కొని దాని చారలన్నీ రంగు కింద పూడ్చిపెడతావా? ఆ చెట్టు ఉసురు తగులుద్ది."

"అయితే పైన్ పెడతా."

"దానికి ముడులు. ప్రతి ముడిలోనూ బంక. తెల్లగా వేసినా నీలంగా వేసినా, వచ్చే ఏడాదికి పచ్చమచ్చలు పైకి తేలతాయి, పసుపు పూసినట్టు."

"మరేం పెట్టమంటావు? ఇనుమా?"

బావ గొంతు తగ్గించాడు. అటూ ఇటూ చూశాడు. గోడ మీద నాన్న ఫోటో ఉంటే దాని వైపు వీపు తిప్పి నిలబడ్డాడు.

"ఎండీఎఫ్," అన్నాడు.

మా కొట్లో ఆ మాట ఎప్పుడూ వినపడలేదు. చెక్కపొట్టును మెత్తగా చేసి, జిగురు కలిపి, అట్టలా నొక్కి చేసే పలక అది. నాన్న దాన్ని పొట్టుపలక అనేవాడు. "నేను సాయంత్రం ఊడ్చి పారేసేదాన్ని పొద్దున్నే మళ్ళీ కొనుక్కోవాలా?" అనేవాడు.

"వద్దు బావా."

"విను. రంగేసే అలమరకి చెక్క అందం ఎవడికి కావాలి? కనపడదుగా. కావలసింది కదలకుండా కూర్చునే రకం. పలకలో చారలుండవు, ముడులుండవు. ఎండకి ముడుచుకోదు, చెమ్మకి ఉబ్బదు."

"నీళ్ళు తగిలితే ఉబ్బుద్దిగా! నానిన బ్రెడ్డు ముక్కలా అయిపోద్ది."

"నీళ్ళు తగలనివ్వకు. పెట్టె ప్లైవుడ్‌తో చెయ్యి, పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి స్క్రూ గట్టిగా పట్టుకుంటుంది, బరువు మోస్తుంది. కింద కాళ్ళు అసలైన చెక్కతో పెట్టు, నేల కడిగినా ఫరవాలేదు. తలుపులు మాత్రం పొట్టుపలక. దాని అంచులు తాగుబోతులు, ఎంత రంగు పోసినా తాగుతాయి, వాటి సంగతి నేను చూసుకుంటా. ఒరేయ్, జీవితంలో ఒక్కసారి, ఒక్కసారి మా అత్తగారి చేతికి పగుళ్ళు లేని తలుపు ఇవ్వనీ."

ఆయన కళ్ళు చూస్తే కాదనలేకపోయాను. నాన్న ఫోటోను ఆ పని అయ్యేదాకా గోడవైపు తిప్పి పెట్టాను.

అలమర తయారైంది. దాని గురించి నేను చెప్పే ఏ మాటా అతిశయోక్తి కాదు. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి దాని మీద పడితే ఆ వెలుగు ఎగిరి ఎదురింట్లో పడింది. కుట్టుపిన్ని దీపం ఆర్పేసి ఆ వెలుగులోనే సూదిలో దారం ఎక్కించింది. తలుపుల మీద ఎక్కడా ఒక గీత లేదు, ఒక చుక్క లేదు.

బావ కొత్త చొక్కా వేసుకొచ్చాడు. అక్క కూడా వచ్చింది. అమ్మను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకొచ్చాం.

అమ్మ అరచెయ్యి ఆనించింది. "అబ్బ. పళ్ళెం మీద చెయ్యి పెట్టినట్టుంది అల్లుడుగారూ."

బావ నేల మీద లేడు.

అమ్మ చెయ్యి మెల్లగా కుడి తలుపు మధ్యకు జరిగింది. బొటనవేలి గోరు పైనుంచి కిందికి వచ్చింది. మళ్ళీ పైకి వెళ్ళింది. కాస్త పక్కకు జరిగి మళ్ళీ కిందికి వచ్చింది.

"ఎక్కడరా?" అంది నాతో.

"ఏంటమ్మా?"

"వాన."

బావే అందుకున్నాడు, పాపం, సంతోషంగా. "ఇక పగలదత్తయ్యా! మీ మనవల మనవలు వచ్చినా పగలదు!"

"మంచిది నాయనా," అంది అమ్మ. చెయ్యి చీరకు తుడుచుకుని, గోడ పట్టుకుని, ముందు గదిలోకి వెళ్ళి కూర్చుంది.

మర్నాడు కుట్టుపిన్ని బకెట్టుతో వచ్చింది. "అక్కా, కొత్త తలుపు ఏమంటోంది?"

"ఏమీ అనట్లేదే. నున్నగా ఉంది."

పిన్ని నవ్వింది. తర్వాత కూడా కొన్నిసార్లు అడిగింది. ఆ తర్వాత ఫోన్‌లో చూసుకోవడం మొదలుపెట్టింది. మిగతా వాళ్ళూ అంతే. బకెట్లు మా కిటికీ ముందు నుంచి ఆగకుండా పోతున్నాయి. అమ్మకు చూపు ఆనకపోయినా బకెట్టు పిడి కిర్రుమనే చప్పుడు వినపడుతుంది కదా. వినపడగానే తల ఎత్తేది. చప్పుడు ముందుకు పోగానే దించేది. వంటింట్లోకి రావడం మానేసింది. అందరికంటే ముందు లేచే మనిషి, లేచి మాత్రం ఏం చెయ్యాలన్నట్టు పడుకునే ఉండేది. మా ఆవిడ కాఫీ ఇస్తూ, "బయట మబ్బుందా అత్తయ్యా?" అని కావాలని అడిగితే, "నాకేం తెలుసమ్మా," అంది. మా అమ్మ నోటి నుంచి ఆ మాట నేను పుట్టాక ఎప్పుడూ వినలేదు. ప్రపంచంలో ఏది అడిగినా, తెలియకపోయినా సరే, ఏదో ఒకటి చెప్పే వంశం మాది.

రంపం తీసుకున్నాను. అందరూ బయటికెళ్ళిన సమయం చూసి, కొత్త తలుపు మీద సరిగ్గా పాత పగులు ఉన్నచోటే నిలువునా సన్నగా గాడి కోశాను. కాస్త వంకరగా కూడా కోశాను, నిజమైన పగులులా ఉండాలని. అమ్మను పిలిచాను. "అమ్మా, చూడు, వచ్చేసింది!"

అమ్మ గోరు పెట్టింది. సగం దాకా వచ్చి ఆగింది. ఫక్కున నవ్వింది. ఆ తలుపు వచ్చాక అదే మొదటి నవ్వు.

"ఇది నువ్వు కోసింది. ఎండ కోసింది కాదు. మీ నాన్న కోసినా ఇంతకంటే నయంగా కోసేవాడు."

అప్పుడు తట్టింది నాకు. కుడి తలుపు అసలైన చెక్కతోనే చెయ్యాలి. అది కూడా మంచి చెక్కతో కాదు, కదిలే చెక్కతో.

బావకు చెబుదామని వెళ్ళాను. నేను గాడి కోసిన సంగతి చెప్పగానే, తన చెయ్యి కోసినట్టు పట్టుకుని కూర్చున్నాడు. మిగతాది విన్నాక లేచి నిలబడ్డాడు.

"పగిలే తలుపుకి రంగెయ్యమంటావా నన్ను? పగులుద్దని తెలిసి తెలిసి?"

"అవును బావా."

"పగలాలని వెయ్యమంటావా?"

"అవును."

"నేను చచ్చాక వేయించుకో."

లోపల్నుంచి మా అక్క వచ్చింది. అక్క ఎక్కువ మాట్లాడదు. "నువ్వు వేస్తావా, నన్ను వెయ్యమంటావా?" అంది ఆయనతో. అక్క ఒకసారి పెరటి గేటుకు రంగేసింది. గేటుతో పాటు గోడ, గోడ మీది పిల్లి, పక్కింటి సైకిలు కూడా ఆ రంగులోకి వచ్చాయి. బావ గోడకున్న బ్రష్ తీసి సంచిలో పెట్టుకున్నాడు.

నేను కలప కొట్టుకు వెళ్ళాను. కొట్టు యజమానిని టేకు మామ అంటాం, ఆయన దగ్గర ఏ చెక్క పట్టుకున్నా టేకే అంటాడు కాబట్టి.

"మామా, కదిలే చెక్క కావాలి."

"నా కొట్లో ఏ చెక్కా కదలదు," అన్నాడు వెంటనే. అలవాటు.

"అది కాదు మామా. ఎండకి ముడుచుకోవాలి, చెమ్మకి ఉబ్బాలి. బాగా పగలాలి."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. "ఇంట్లో అంతా బాగానే ఉన్నారా?"

"అందరూ బాగున్నారు. వెడల్పాటి పలకలు చూపించు. దుంగ నడిమి నుంచి కాకుండా పక్క నుంచి కోసిన రకం, ఎండలో పెడితే దోనెలా వంగేది. పచ్చిది కాకూడదు, మరీ ఆరింది కూడా కాకూడదు."

"అలాంటివి నేను అమ్మనురా! అలాంటివి ఉంటే వెనక దాచేస్తా!"

"ఆ వెనకవే చూపించు."

పరువు పోతుందని ఆయన బాధ. చివరికి వెనక రేకుల షెడ్డులోకి తీసుకెళ్ళాడు. అక్కడ ఉన్నాయి, జన్మలో ఎవరూ కొనని పలకలన్నీ, కొన్ని విల్లులా, కొన్ని పడవలా. వాటి మధ్యలో కూర్చుని ఒక్కోదాన్నీ తడిమాను. జీవితమంతా ఏ గుణం ఉంటే పక్కన పెట్టానో ఆ గుణం కోసమే వెతుకుతున్నాను. ఒక పలక మీద చెయ్యి పెడితే అది నా చేతి చెమటకే కదిలింది. ఇదిగో, ఇది, అనుకున్నాను. దాని తోడుది కూడా దొరికింది.

"ఎవరికీ చెప్పకు నా దగ్గర కొన్నావని," అన్నాడు టేకు మామ. తర్వాత ఆగలేక, "ఇదీ టేకే, తెలుసుగా?" అన్నాడు.

నాన్న చేసినట్టే రెండు పలకలు పక్కపక్కన జతచేసి, చట్రంలో బిగించాను. నాన్న ఫోటోను మళ్ళీ ఇటు తిప్పాను. పని చేస్తుంటే చిన్నప్పటి వాసన కొట్టింది: జిగురు కాగుతున్న వాసన, చిత్రిక కింద చుట్టలు చుట్టలుగా లేచే చెక్క వాసన, వంటింట్లోంచి అమ్మ "ఒరేయ్, తీగ మీద బట్టలు తియ్యండి, వానొస్తోంది," అని అరిచే అరుపు. తీగ మీద నాన్న బనియన్లు, నా నిక్కర్లు, అక్క రిబ్బన్లు. అన్నీ పట్టుకుని పరిగెత్తేవాళ్ళం. మేం లోపలికి అడుగుపెట్టేదాకా ఆగి, అప్పుడు కురిసేది వాన. మర్యాద తెలిసిన వాన.

బావ వచ్చి రంగు వేశాడు. నన్ను గదిలో ఉండనివ్వలేదు. "ఇలాంటి పని చేస్తున్నప్పుడు ఇంకొకరు చూడకూడదు," అన్నాడు. తలుపు బిగించాం. సరిగ్గా ఎండలు ముదిరే కాలం.

అమ్మ మళ్ళీ పొద్దున్నే లేవడం మొదలుపెట్టింది. వంటింట్లోకి వచ్చి గోరు పెట్టేది. "ఇంకా లేదు," అనేది. మర్నాడూ అదే. ఎండ ఎంత కాసిందంటే పక్కవీధి రోడ్డు కరిగి మా వీధిలోకి వచ్చింది. కుర్చీలు పగిలాయి, బల్లలు పగిలాయి, నా కొట్లో ఉన్న మంచి టేకు కూడా సన్నగా గీత ఇచ్చింది. మా అమ్మ తలుపు మాత్రం పెళ్ళికూతురిలా కూర్చుంది. కుట్టుపిన్ని ఒకసారి కిటికీలోంచి తొంగిచూసి, "వచ్చిందా?" అంది, కానుపు సంగతి అడిగినట్టు. అమ్మ తల అడ్డంగా ఊపింది. పిన్ని ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోయింది. అమ్మ ఆ రోజు మళ్ళీ ముందు గదిలోనే ఉండిపోయింది.

నాకు అనుమానం వచ్చింది. చాకు మొనతో జత దగ్గర రంగు కాస్త గీరి చూశాను. లోపల లప్పం! లప్పం కింద గుడ్డ పట్టీ, జిగురుతో అతికించి! పగుళ్ళు రాకుండా ఒక పెయింటరు చెయ్యగలిగిందంతా చేసి పెట్టాడు.

బావ ఇంటికి వెళ్ళేసరికి ఆయన గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు, నాకోసమే ఎదురుచూస్తున్నట్టు.

"బావా!"

"నేను కాదురా, నా చెయ్యి," అన్నాడు. "ఏమీ పెట్టకూడదనే కూర్చున్నా. జత కనపడింది. దానికి ఆగలేదు. నేను వద్దంటూనే ఉన్నా, అది పెడుతూనే ఉంది."

"అమ్మ రోజూ చూస్తోంది బావా."

ఆయన లేచాడు. లోపలికి వెళ్ళి చెప్పులేసుకున్నాడు.

అమ్మను వంటింట్లోకి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాం. బావ తలుపు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యా, లప్పం పెట్టాను."

"తెలుసు అల్లుడుగారూ. మొదటిరోజే వాసనొచ్చింది."

"మరి చెప్పలేదేం?"

"ఇన్నేళ్ళూ మీరు పెట్టడం, నేను తియ్యడం. ఈసారి మీరే తీస్తారేమో చూద్దామని."

అని తల్లోంచి పిన్ను తీసి ఆయన చేతికిచ్చింది.

ఆ మనిషి అక్కడ నిలబడి, తన రంగు, తన లప్పం, తన గుడ్డ పట్టీ, తనే పిన్నుతో పైనుంచి కిందిదాకా గీకాడు. మధ్యలో చొక్కా చేతికి ముక్కు తుడుచుకున్నాడు. దుమ్మేలే, అన్నాడు. తర్వాత దాని మీద నీలం ఒక్క పూత, పల్చగా, అమ్మ ఎదురుగానే వేశాడు. "దాని ఇష్టం ఇక," అని బ్రష్ పక్కన పెట్టాడు.

ఎక్కువ రోజులు ఆగలేదు. ఒక మధ్యాహ్నం అందరం భోజనాల దగ్గర ఉన్నాం. టప్‌మంది. మీరేదో చిన్న చప్పుడనుకునేరు. ఆ చప్పుడుకు మూడు వీధుల అవతల టేకు మామ "నా చెక్క కాదు!" అని అరిచాడట. బావ కంచం ముందు నుంచి లేచి ఎంగిలి చేత్తోనే పరిగెత్తాడు.

"పగిలిందత్తయ్యా! నా రంగు పగిలింది! ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా!"

మా అక్క కళ్ళొత్తుకుంది. పెళ్ళి రోజున కూడా ఆయన అంత సంతోషంగా లేడంది.

అమ్మ గోరు పెట్టింది. సగం గోరు దిగింది. "ఊఁ," అంది. అంతే అంది. మొహం మాత్రం దీపం పెట్టినట్టయింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కొన్నాళ్ళకు అమ్మ గోరు పెట్టి, "సన్నబడిందే, తియ్యండి బట్టలు," అని కిటికీలోంచి కేకేసింది. పాత అలవాటు కదా, వీధంతా పరిగెత్తింది. దుప్పట్లు, చీరలు, పరుపులు, అన్నీ లోపలికి. ఆకాశం చూస్తే తోమిన గిన్నె. సాయంత్రం దాకా చుక్క లేదు. కుట్టుపిన్ని తడి బట్టలు మోసుకుంటూ మళ్ళీ బయటికొచ్చింది.

"అక్కా! నీ తలుపు అబద్ధాలకోరే!"

అమ్మ మళ్ళీ ముందు గదిలోకి వెళ్ళిపోతుందనుకున్నాను. అమ్మ కిటికీ ఊచలు పట్టుకుని మొహం ఆనించింది.

"కొత్తది కదే! ఇప్పుడిప్పుడే మాటలొస్తున్నాయి. పాతది మాత్రం పుట్టగానే చెప్పిందా? మా ఆయన, నేను ఆ పగులు ముందు కూర్చుని ఎన్నిసార్లు పోట్లాడుకున్నామో నీకేం తెలుసు. ఆయన వాన అంటే నేను ఎండ. ఎవరు ఓడితే వాళ్ళు బట్టలు మడతపెట్టాలి. ఏడాది పొడుగునా ఆయనే మడతపెట్టాడు. కావాలని ఓడేవాడేమోనే, ఇప్పుడనిపిస్తోంది."

పిన్ని బకెట్టు కింద పెట్టి, ఊచల అవతల నుంచి అమ్మ చెయ్యి పట్టుకుంది.

తర్వాత రోజుల్లో బావ పొద్దున్నే పనికి పోయేముందు మా ఇంటి మీదుగా వెళ్ళడం మొదలుపెట్టాడు. అమ్మ పక్కన నిలబడేవాడు. అమ్మ గోరు పెట్టాక, ఆయన చేత కూడా పెట్టించేది.

"ఏమంటోంది అల్లుడుగారూ?"

"నీ రంగు పగిలింది అంటోందత్తయ్యా."

"అది పాత కబురు. వాన సంగతి?"

ఎండలు అయిపోవస్తున్న ఒక పొద్దున, ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. కుట్టుపిన్ని బకెట్టు నిండా ఉతికిన బట్టలతో వచ్చి, ఒక చేతిలో ఫోన్‌తో, కిటికీ ముందు ఆగింది. పిడి కిర్రుమని ఆగిన చప్పుడు నేను కొట్లోంచి విన్నాను.

"ఫోన్ ఎండ అంటోందక్కా. నీదేమంటోంది?"

అమ్మ పైనుంచి కిందికి గోరు లాగింది. పక్కకు తప్పుకుంది. "అల్లుడుగారూ, మీరు చూడండి."

బావ గోరు పెట్టాడు. "దిగట్లేదత్తయ్యా."

"ఎక్కడా?"

"ఎక్కడా దిగట్లేదు."

"అయితే బకెట్ లోపలికి తీసుకెళ్ళమనండి."

పిన్ని ఫోన్ వంక చూసింది. ఆకాశం వంక చూసింది. మా కిటికీ వంక చూసింది. ఫోన్ జాకెట్లో దోపుకుని, బకెట్టు ఎత్తుకుని వెనక్కి నడిచింది.

పిన్ని గడప దాటేదాకా ఆగింది వాన. ఎంత కురిసిందో చెబితే మీరు నమ్మరు కాబట్టి తక్కువ చేసి చెబుతాను: మా వీధిలో చేపలు గొడుగులు పట్టుకుని తిరిగాయి. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని చినుకులకు చెయ్యి చాచింది. ఎదురింటి నుంచి, పక్కింటి నుంచి, ఆ చివరింటి నుంచి, "భలే చెప్పావక్కా!" అని కేకలు.

బావ మాత్రం అలమర ముందు నుంచి కదల్లేదు. పగులు ఎక్కడా లేదు. కుడి తలుపు పైనుంచి కిందిదాకా నీలంగా, నిండుగా మెరుస్తోంది. బావ అరచేత్తో దాన్ని మెల్లగా రాస్తున్నాడు.

"చూశారా అత్తయ్యా," అన్నాడు, "ఎంత నున్నగా ఉందో నా రంగు."

అమ్మ వాన వైపు నుంచి తల తిప్పకుండానే అంది.

"ఎండ రానివ్వండి అల్లుడుగారూ."